దొర, బంట్రోతు, ఒక నీటిచుక్క

నా గడియారాన్ని నేనే దొంగిలించాను. అదీ పట్టపగలు, నాలుగు రోడ్ల కూడలిలో, యూనిఫాం వేసుకున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతి నుంచి. అంత ధైర్యం నాకెక్కడిదని అడక్కండి. అది ధైర్యం కాదు, భయం. ఇంట్లో భార్య, వీధిలో పోలీసు ఉన్నప్పుడు ఎవరికి ఎక్కువ భయపడాలో పెళ్లయిన మగవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను బీమా కంపెనీలో పనిచేస్తాను. ప్రమాదాల ఫైళ్లు నా బల్ల మీదికి వస్తాయి. వాటిని చదివి, ఎవరు అబద్ధం చెబుతున్నారో కనిపెట్టడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తున్నాను. మా ఆఫీసులో నాకు 'ఎక్స్‌రే' అని పేరు. ఈ కథ అయ్యేసరికి ఆ పేరు పెట్టినవాళ్ల మీద మీకు జాలి వేస్తుంది.

నా భార్య బడిలో డ్రిల్లు టీచరు. మెడలో విజిల్, కాళ్లకు బూట్లు, రోజుకు ఆరు పీరియడ్లు మైదానంలో పరుగు. ఎవరింటికి వెళ్లినా నా గురించి ఒకే మాట చెబుతుంది: "మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదు." పంతొమ్మిదేళ్ల కాపురంలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. అందం గురించి, సంపాదన గురించి ఆమె ఎప్పుడూ పొగడలేదు. పొగడటానికి అక్కడేమీ లేదు కూడా. అందుకే ఆ ఒక్క మాటను నేను బంగారంలా దాచుకున్నాను.

దాన్ని ఒక గడియారం కోసం తాకట్టు పెట్టాను.

ఆటోమేటిక్ గడియారాల పిచ్చి నాది. ఆ రకం గడియారానికి బ్యాటరీ ఉండదు. రోజూ కీ ఇవ్వక్కర్లేదు. లోపల అరచందమామ ఆకారంలో ఒక బరువు తిరుగుతుంటుంది. మన చెయ్యి కదిలినప్పుడల్లా అదీ కదిలి స్ప్రింగును చుడుతుంది. మనిషి నడిస్తే గడియారం నడుస్తుంది. ఈ సంగతి నేను కనీసం వందమందికి వివరించి ఉంటాను. చెప్పిన నాకు మాత్రం దాని అర్థం బోధపడలేదు.

రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా అదనపు ఫైళ్లు చూసి, నా మూడు నెలల జీతమంత పెట్టి ఒకటి కొన్నాను. నీలం డయలు, నల్లతోలు పట్టీ. ఆ ధర ఇంట్లో చెప్పే ధైర్యం లేక ఒక ఎత్తు వేశాను. అదే కంపెనీది, అదే నీలం డయలుతో, అచ్చం అలాగే కనిపించే చవక రకం ఇంకొకటి ఉంది. మూడు రోజుల జీతం. అదీ కొన్నాను. చవకదాని బిల్లు తెచ్చి నా భార్య చేతిలో పెట్టి, ఖరీదైనదాన్ని నా చేతికి పెట్టుకున్నాను. చవకది వారం రోజులు ఆఫీసు సొరుగులో పడి ఉంది. సాక్ష్యాన్ని దగ్గర ఉంచుకోవడం ప్రమాదమని ఫైళ్లు చదివి నేర్చుకున్న తెలివితో, దాన్ని నా బావమరిదికి పుట్టినరోజు కానుకగా ఇచ్చాను. "రెండూ ఒకటే రకంరా. జంటగా కొంటే తగ్గించి ఇచ్చారు," అన్నాను.

మనసులో మాత్రం వాటికి పేర్లు పెట్టుకున్నాను. నాది దొర. వాడిది బంట్రోతు.

బావమరిది ట్రాఫిక్ కానిస్టేబుల్. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పదహారేళ్లుగా కూడలిలో నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఇచ్చిన నెలకు, ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు:

"బావా, నువ్విచ్చిన గడియారం బంగారం. వారానికి నిమిషం తేడా లేదు."

"నాది పది సెకన్లు కూడా తేడా రాదు," అన్నాను.

"నీది ప్రతి సోమవారం ఆగిపోయి ఉంటుందటగా? అక్క చెప్పింది."

అది నిజమే. గీతలు పడతాయన్న భయంతో శుక్రవారం సాయంత్రం దొరను విప్పి పెట్టెలో పడుకోబెట్టేవాణ్ణి. ఆదివారానికి దొర నిద్రలోనే ఆగిపోయేవాడు.

"అది ఆగడం కాదురా, విశ్రాంతి," అన్నాను.

"మా డిపార్టుమెంటులో దాన్ని డ్యూటీకి రాకపోవడం అంటారు," అన్నాడు వాడు.

పౌరుషం పొడుచుకొచ్చింది. పందెం వేసుకున్నాం. రెండు గడియారాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఫోను చూసి సెకనుతో సహా ఒకే టైం పెట్టాం. మళ్లీ ఆదివారం దాకా ఎవరూ ముల్లు తిప్పకూడదు. ఎవరిది ఎక్కువ తేడా వస్తే వాళ్లు నెల్లాళ్లు ఈ ఇంట్లో గిన్నెలు తోమాలి. మా ఇంటి గిన్నెలు వాడెందుకు తోముతాడని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అంత నమ్మకం దొర మీద.

నా భార్య బల్ల తుడవడానికి వచ్చి, గడియారాలు రెండూ తీసి వంటగట్టు మీద పెట్టింది. బల్ల తుడిచాక వాటి అద్దాలు కూడా కొంగుతో శుభ్రంగా తుడిచి, "ఇది నీది. ఇది మీది," అని ఎవరిది వాళ్లకు ఇచ్చింది.

సోమవారం ఇరవై సెకన్లు వెనక. మంగళవారం నలభై. దొర ఇలా చేయడమేమిటి? ఫోను దగ్గర పెట్టడం వల్ల అయస్కాంతం పట్టిందేమోనని ఫోనును వంటగదిలోకి తరిమాను. రాత్రి గడియారాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను. మర్నాడు బోర్లా. ఆ మర్నాడు పక్కకు తిప్పి.

"జ్వరం ఎంతుందట?" అని అడిగింది నా భార్య.

"ఎవరికి?"

"మీ చంటివాడికి."

గురువారం మధ్యాహ్నం ఆఫీసులో తలనొప్పని చెప్పి గడియారాల రిపేరు షాపుకు వెళ్లాను. బావమరిది కూడలికి నాలుగు అడుగుల దూరంలో, మెట్ల కింద ఉంటుంది ఆ షాపు. రిపేరాయన కంటికి భూతద్దం తగిలించుకుని నా గడియారాన్ని ఒక చిన్న యంత్రం మీద పెట్టాడు. అది గడియారం గుండె చప్పుడు విని చెప్పే యంత్రం.

"సెకనుకు ఆరు దెబ్బలు," అన్నాడు.

"ఖరీదైన రకమండీ, ఎనిమిది ఉండాలి," అన్నాను నవ్వుతూ.

"ఆరేనండీ."

"మీ యంత్రం పాతదైపోయింది."

ఆయన వెనక మూత విప్పి, లోపల చూసి, నా వైపు తిప్పాడు. "ఇది చవక రకం మిషను సార్. మంచిదే. కాకపోతే మీరు చెయ్యి కదపరు. స్ప్రింగు సగం కూడా చుట్టుకోలేదు. దీనికి రిపేరు కాదు, మీకు వ్యాయామం కావాలి."

నా చేతికున్నది బంట్రోతు. అయితే దొర ఎక్కడ?

బయటికి చూశాను. కూడలి మధ్యలో, ఎండలో, లారీలను ఆపుతూ పైకి లేచిన చేతికి నా మూడు నెలల జీతం మెరుస్తోంది.

ఆదివారం బల్ల తుడిచినప్పుడు మారిపోయి ఉంటాయి. పాపం, ఆమెకేం తెలుసు, రెండూ ఒకటే అనుకుంది. అలా అనుకునేలా చేసినవాణ్ణి నేనే. సెకన్ల ముల్లు నడక చూసి పది అడుగుల దూరం నుంచి దొరను గుర్తుపడతానని ఆఫీసంతా చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. నాలుగు రోజులు బంట్రోతును చేతికి కట్టుకుని, దొరకు జబ్బు చేసిందని సేవలు చేసిందీ నేనే.

"ఇంకో మాట," అన్నాడు రిపేరాయన మూత బిగిస్తూ. "మీ బావమరిది గారిదీ ఇదే రకం కదా. పట్టీ వదులుగా ఉందట. కన్నం పెట్టించుకోవడానికి శనివారం సాయంత్రం వస్తానన్నారు. అదీ ఒకసారి విప్పి చూస్తాలెండి. డబ్బులొద్దు."

విప్పి చూస్తే చెబుతాడు. చెబితే బావమరిది అక్కకు చెబుతాడు. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా నా భార్య ఏం చెబుతుంది?

శనివారం సాయంత్రంలోగా గడియారాలు మారాలి. నిజం చెప్పి మార్చుకోవచ్చు కదా అని మీరనొచ్చు. రెండూ ఒకటే అన్నవాడు, నాది నాకివ్వమని ఏ ముఖంతో అడుగుతాడు?

శుక్రవారం సాయంత్రం అవకాశం కాళ్ల దగ్గరికే వచ్చింది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ బావమరిది మా ఇంటి ముందు బండి ఆపాడు. లోపలికి వస్తూనే గడియారం విప్పి బల్ల మీద పెట్టి, ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు. నా చేతి గడియారమూ అప్పటికే విప్పి అదే బల్ల మీద ఉంది. రెండింటికీ మధ్య జానెడు దూరం. నేను చెయ్యి చాపాను. అంతలో నా భార్య వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఏమండీ, ముఖం అలా పాలిపోయిందేం?"

"స్నానం చేయాలి," అన్నాను.

తేలుకుట్టిన దొంగలా స్నానాలగదిలో దూరి, నలభై నిమిషాలు నీళ్లు పోసుకున్నాను. బయటికి వచ్చేసరికి బావమరిది వెళ్లిపోయాడు. బల్ల మీద ఒక్క గడియారమే మిగిలింది.

శనివారం పొద్దున ఆ గడియారం ఫోనుతో పోలిస్తే ఆరు సెకన్లే ముందుంది. అంతకుముందు రోజు నిమిషానికి పైగా వెనకున్నది ఒక్క రాత్రిలో ఎలా బాగుపడింది? ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అనుకున్నాను. సెకన్ల ముల్లు వైపు చూసి, "ఆ కుంటి నడక చూడు, ఎంతైనా బంట్రోతు బంట్రోతే," అని గొణిగి, చేతికి కట్టుకుని బయల్దేరాను.

మిట్టమధ్యాహ్నం కూడలికి చేరాను. చేతిలో సంచి. సంచిలో చల్లటి నీళ్ల సీసా, సబ్బు, పెద్ద తువ్వాలు. ఇరవై రెండేళ్లు ఇతరుల మోసాలు చదివి చదివి తయారుచేసిన పథకం. బావమరిది నన్ను చూసి ఇంకో కానిస్టేబుల్‌ను నిలబెట్టి, గొడుగు కిందికి వచ్చాడు.

"ఏంటి బావా, అక్క పంపిందా?"

"లేదురా. నేనే. ఎండలో నిలబడతావు కదా, ముఖం కడుక్కుంటావని."

"పదహారేళ్లుగా నిలబడుతున్నాను. ఇవాళ గుర్తొచ్చిందా?"

"సబ్బు కూడా తెచ్చాను."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. హెల్మెట్ లేనివాళ్లను చూసే చూపు అది. తర్వాత గడియారం విప్పి నా చేతిలో పెట్టి, ముఖానికి సబ్బు రాసుకున్నాడు. నేను తువ్వాలు కింద నా గడియారం విప్పాను. పక్కన బస్సు హారన్ కొట్టింది. గుండె ఆగి మళ్లీ నడిచింది, దొర సోమవారం నడిచినట్టు. సరిగ్గా అప్పుడే వాడు సబ్బు నురగలోంచి ఒక కన్ను తెరిచాడు.

"బావా, ఏం చేస్తున్నావ్?"

"టైం చూస్తున్నా."

"రెండు గడియారాల్లోనా?"

"పందెం కదరా. పోల్చి చూస్తున్నా."

"రేపటిదాకా ఆగలేవా? నీకు ఓపిక బొత్తిగా తక్కువ," అని కన్ను మూసుకున్నాడు.

ఆ ఒక్క క్షణం చాలింది. నా గడియారం వాడికి, వాడిది నాకు. వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చేతికి కట్టుకుని, మళ్లీ రోడ్డు మధ్యలోకి వెళ్లి చెయ్యెత్తాడు. అన్ని దిక్కులా బళ్లు ఆగాయి. నేను రాజులా రోడ్డు దాటాను.

మలుపు తిరిగాక టైం చూశాను. ఒకటిన్నర నిమిషం వెనక ఉంది. పాపం దొర. పోలీసు చేతిలో వారం ఉంటే ఎవరైనా నీరసిస్తారు. పందెం పోతే పోనీ, గిన్నెలు తోముతాను. బిరుదు దక్కింది, అది చాలు.

ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. శనివారం డ్యూటీ ఆలస్యమై బావమరిది రిపేరు షాపుకు వెళ్లనేలేదట. ఫోను మధ్యలో పెట్టాం. బావమరిది గడియారం తొమ్మిది సెకన్లు ముందు. నాది ఒక నిమిషం నలభై సెకన్లు వెనక.

"గిన్నెలు సింకులో ఉన్నాయి బావా," అన్నాడు వాడు.

"తోముతాను. మాటంటే మాటే," అన్నాను ఉదారంగా.

నా భార్య లేచి ఒక గిన్నెలో నీళ్లు తెచ్చింది. గిన్నెలు ఇక్కడే మొదలుపెట్టిస్తుందేమో అనుకున్నాను. ఆమె వేలు ముంచి, రెండు గడియారాల అద్దాల మీదా ఒక్కో చుక్క వేసింది.

ఆ పరీక్ష ఆమెకు నేర్పిందెవరో నాకు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఒక షాపు ముందు నిలబెట్టి, అరగంటసేపు ఉపన్యాసం దంచాను. ఖరీదైన గడియారం అద్దం మీద నీటిచుక్క ముత్యంలా గుండ్రంగా నిలుస్తుందని, మామూలు అద్దం మీద పరుచుకుపోతుందని. "పెళ్లయ్యాక మీరు నాతో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి," అంది ఆ రోజు. విననట్టే నిలబడింది. విన్నదన్నమాట.

బావమరిది గడియారం మీద చుక్క ముత్యంలా నిలిచింది. నా గడియారం మీద చుక్క చాపలా పరుచుకుంది.

"అదెలా?" అని అరిచాను. "నిన్న కూడలిలో నేనే కదా మార్చింది!"

అనేశాక విన్నాను, ఏమన్నానో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఇక్కడ దొంగ ఎవరని కూడా ఎవరూ అడగలేదు.

బావమరిది తన చేతి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "సబ్బు అందుకా?" అన్నాడు.

నా భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది. బడిలో పిల్లలకు ఆట నియమాలు చెప్పే గొంతుతో చెప్పింది.

"పోయిన ఆదివారం మార్చింది నేను. ఏది ఏదో గట్టు దగ్గర చుక్క వేసి చూసుకుని, మీది వాడికిచ్చాను. మీరు ఒక్కరోజులో కనిపెట్టి, వచ్చి నిజం చెబుతారనుకున్నా. మీరేమో దానికి జ్వరం చూస్తూ కూర్చున్నారు. శుక్రవారం మీ ముఖం చూసి జాలేసింది. మీరు స్నానానికి వెళ్లగానే ఎవరిది వాళ్లకు మార్చేశాను."

"శుక్రవారమా?"

"శుక్రవారమే. శనివారం పొద్దున మీ చేతికున్నది మీదే."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడి కథ చిన్నప్పటి నుంచి వింటున్నాను. వాడు నయం. వెతికాడు, అంతే. చంకలో పిల్లాణ్ణి దొంగచాటుగా తీసుకెళ్లి పోలీసుకు అప్పగించి, రాజులా రోడ్డు దాటలేదు.

"అసలు ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగాను.

"కొన్న రోజే. మీరు నిద్రపోయాక చుక్క వేసి చూశా."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని." ఆమె గిన్నెలో నీళ్ల వైపు చూసింది. "నలభై రోజులు చూశా."

ఎంత పెట్టి కొన్నానో చెప్పాను. ఎలా కూడబెట్టానో చెప్పాను. సొరుగు గురించి, జంట ధర అబద్ధం గురించి కూడా చెప్పాను. ఆమె ఖరీదుకు ఉలిక్కిపడలేదు. అదే ఎక్కువ బాధించింది.

బావమరిది దొరను విప్పి, పసిబిడ్డను దించినట్టు బల్ల మీద పెట్టాడు. "నాకొద్దు బావా. ఇంత ఖరీదైనది కట్టుకుంటే రేపు కూడలిలో చెయ్యి లేవదు. నా బంగారం నాకిచ్చెయ్," అని బంట్రోతును చేతికి పెట్టుకుని వెళ్లిపోయాడు.

దొర కోసం నేను చెయ్యి చాపాను. నా భార్య అంతకంటే ముందే తీసుకుని తన మణికట్టుకు కట్టుకుంది.

"దీనికి కదిలే చెయ్యి కావాలటగా. మీకు గిన్నెలున్నాయి, తడి తగలకూడదు," అంది.

అప్పటి నుంచి దొర ఒక్క సోమవారం కూడా ఆగలేదు. రోజుకు ఆరు పీరియడ్లు మైదానంలో పరిగెడుతున్నాడు. నేను నెలంతా గిన్నెలు తోమాను. టైం కావాలంటే ఆమెను అడగాలి. ఆమె చెబుతుంది, ఓపిగ్గానే. కానీ ఎవరింటికి వెళ్లినా నా గురించిన ఆ ఒక్క మాట మాత్రం అనడం మానేసింది. ఒకరింట్లో అలవాటుగా "మా ఆయనకు" అని మొదలుపెట్టి, చేతి గడియారం చూసుకుని, "టైమైంది, బయల్దేరదాం," అంది.

మూడు నెలల తర్వాత వాళ్ల బడిలో ఆటల పోటీలు జరిగాయి. నేను వెళ్లాను. నా భార్య విజిల్ ఊది, దొరను చూసి, పరుగు పందేల టైం చెబుతోంది. విరామంలో లెక్కల టీచరు ఆమె చెయ్యి పట్టుకుని డయలు వంక చూసింది.

"బాగుందే. ఎంతేమిటి?"

"ఆయన కొన్నారు. ఆయన్నే అడగండి," అంది నా భార్య, నా వైపు చూడకుండా.

చుట్టూ ఏడెనిమిది మంది టీచర్లు. హెడ్‌మాస్టరు కూడా ఉన్నాడు. మూడు రోజుల జీతమని చెబితే ఏ గొడవా లేదు. నేను గొంతు సవరించుకుని అసలు ధర చెప్పాను. పైసలతో సహా.

లెక్కల టీచరు పగలబడి నవ్వింది. "మీ ఆయన భలే కోతలు కోస్తారండీ."

నా భార్య విజిల్‌ను నోటి దాకా తెచ్చి ఆపింది.

"కోతలు కాదండీ, నిజమే," అంది. "మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. ఒకసారి ప్రయత్నించి చూశారు."

తర్వాత విజిల్ ఊదింది. నాలుగు వందల మీటర్ల పరుగు మొదలైంది.